అద్దాలాయన అరగదీసిన గాజు

మా వీధిలో కళ్ళజోడు ఉన్నవాళ్ళెవరైనా ఏదో ఒక రోజు అద్దాలాయన కుర్చీలో కూర్చుని లేచినవాళ్ళే. ఆయన షాపు మా ఇంటికి సరిగ్గా ఎదురుగా, కింది వాటాలో. పై వాటాలో కాపురం. కుర్చీకి ఎదురు గోడ మీద అక్షరాల అట్ట ఉంటుంది. పైన గుమ్మడికాయంత అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చీమ తలకాయలు. ముక్కు మీద ఒక బరువైన ఇనప ఫ్రేము తగిలించి, అందులో గుండ్రటి అద్దాలు ఒకటి తీసి ఒకటి వేస్తూ, "ఇది బాగుందా, ఇదా?" అని అడుగుతాడు. ఎప్పుడూ రెండే. మూడోది చూపించడు.

"మూడు పెడితే మనిషికి బుర్ర తిరిగిపోతుంది పిన్నిగారూ. రెండే పెడితే కన్ను అబద్ధం చెప్పదు" అనేవాడు నాతో. గెలిచిన అద్దాన్ని ఉంచి, దానికి పోటీగా ఇంకోటి. చివరికి ఏది మిగిలితే అదే మన అద్దం.

ఆ మాట మీద ఆయనకున్న నమ్మకం మామూలుది కాదు. ఆయన్ని ముంచింది అదే. ఆయన ఒక్కడితో ఆగిందో లేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇంట్లో కర్టెన్ గుడ్డ కొన్నా, పిల్లని బళ్ళో వేసినా, గోడకి రంగు వేయించినా ఆయనది ఇదే పద్ధతి. భార్యకి ఇదంతా వేళాకోళం. ఆవిడ బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పే ఉద్యోగం చేస్తుంది. ఊళ్ళో ఆవిడ ముఖం తెలియనివాళ్ళు ఉంటారు గానీ గొంతు తెలియనివాళ్ళు ఉండరు. మేమంతా మైకమ్మ అంటాం.

"పెళ్ళిచూపులు కూడా ఇలాగే పిన్నిగారూ. నేను రెండో అద్దాన్ని. మొదటిది ఎవరో ఇప్పటికీ నోరు విప్పడు" అనేది ఆయన ముందే.

"మసకగా కనబడింది, తీసేశాను" అనేవాడాయన, తలెత్తకుండా ఫ్రేముకి మర బిగిస్తూ.

వాళ్ళకి ఒక్కతే పిల్ల. గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది, ఉన్నచోట ఉండదు. అందరం పిచ్చుక అనే పిలుస్తాం. నన్ను మామ్మా అంటుంది. మా ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో నాకన్నా దానికే బాగా తెలుసు.

ఒక సాయంత్రం షాపులో ఎవరూ లేరు. నేను కళ్ళజోడు కాడ వదులైతే బిగించుకోడానికి వెళ్ళాను. మైకమ్మ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి, చెప్పులు విడుస్తూ ఆయన్ని నిలదీస్తోంది.

"చూడండి పిన్నిగారూ, మీరే సాక్షి. ఈయనకి నలభై దగ్గర పడుతోంది. జీవితంలో ఏం కావాలయ్యా అంటే, ఆలోచించాలి అంటాడు. ఇంకెప్పుడు ఆలోచిస్తాడు, నేను పోయాకా?"

"ఊరికే నోటికొచ్చింది చెప్పమంటావా?" అన్నాడాయన. "జనం ఏం చేస్తారో తెలుసా? పక్కింటివాడికి ఏది ఉంటే అది కావాలంటారు. నాన్న ఏది వద్దంటే అది కావాలంటారు. నేను అలా కాదు. కూర్చుని తేల్చుకుంటాను."

"అయితే కూర్చోండి. కుర్చీ ఖాళీగానే ఉందిగా" అందావిడ.

నవ్వుతాడనుకున్నాను. ఆయన నిజంగానే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాడు. "నువ్వు అడుగు. రెండేసి అడుగు" అన్నాడు.

ఆవిడ మైకు గొంతు పెట్టింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. సొంత ఇల్లా, ఇంకో బిడ్డా?"

"ఇల్లు."

"సొంత ఇల్లా, పెద్ద ఊళ్ళో పెద్ద షాపా?"

"పెద్ద షాపంటే జనం, తోపులాట. ఇల్లే."

"ఇల్లా, మళ్ళీ కుర్రాళ్ళకి వాలీబాల్ నేర్పించడమా?" ఒకప్పుడు ఆయన మైదానంలో దిగితే చూడ్డానికి వీధి వీధంతా వెళ్ళేది. రెండేళ్ళుగా అటు పోవడం లేదు.

"ఆ గంతులు అయిపోయాయి. ఇల్లు."

"ఇల్లా, ముగ్గురం కలిసి ఊళ్ళు తిరగడమా?"

"ప్రయాణాల్లో ఏముంది, సాయంత్రం అయితే ఏ ఊరైనా చీకటే. ఇల్లు."

నేను ఊరుకోలేక, "ఇల్లా, ఆ వెనకగదిలో పెట్టుకున్న గాజా?" అన్నాను. పాతసామాన్ల కొట్టులో, విరగ్గొట్టిన ఓడ కిటికీలోంచి తీసిన రెండు మందపాటి గాజుబిళ్ళలు ఆ మధ్యే తెచ్చుకున్నాడు. అరచెయ్యి మందం, పళ్ళెం అంత. వాటిలో ఒకదాన్ని చేత్తో అరగదీసి, నక్షత్రాలు చూసే దుర్భిణికి గుంట అద్దం చెయ్యొచ్చని ఎక్కడో చదివాడట.

నేను వేళాకోళానికే అన్నాను. ఆయన ముఖం మాత్రం మారిపోయింది. చీమ తలకాయల వరుస తేటగా కనబడినప్పుడు కుర్చీలో కూర్చున్నవాళ్ళ ముఖం ఎలా విచ్చుకుంటుందో అలా.

"గాజు" అన్నాడు. "మిగతావన్నీ మసక మసకగా ఉన్నాయి పిన్నిగారూ. ఇదొక్కటే నల్లగా, తేటగా, అంచులతో కనబడుతోంది. ఒకచోట నిలబడి చేసే పని. నా చేతిలో పని. ఎవరి మీదా ఆధారపడక్కర్లేదు. ఎప్పటికైనా పూర్తవుతుంది. మీరే చెప్పండి, ఇందులో తప్పేముంది?"

తప్పేమీ కనబడలేదు. మైకమ్మ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కుతూ, "ఇల్లు కూడా ఓడిపోయింది, విన్నారా" అంది. గొంతులో నవ్వు లేదు.

మర్నాటి నుంచి గరగర మొదలైంది.

వెనకగది మధ్యలో ఇసక నింపిన పెద్ద డ్రమ్ము పెట్టాడు. దాని మీద ఒక గాజుబిళ్ళ కదలకుండా బిగించాడు. దాని మీద నీళ్ళు చల్లి గరుకుపొడి వేసి, రెండో బిళ్ళని పైన పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తాడు. కాసేపు తోసి, పై బిళ్ళని కొంచెం తిప్పి, డ్రమ్ము చుట్టూ ఒక అడుగు పక్కకి వేస్తాడు. మళ్ళీ తోస్తాడు. అలా గానుగెద్దులా తిరుగుతూనే ఉంటాడు. తిరగ్గా తిరగ్గా పై బిళ్ళ గుంటపడుతుంది, కింది బిళ్ళ ఉబ్బుతుంది. షాపు కట్టేశాక మొదలుపెడితే వంటలు అయ్యేదాకా అదే చప్పుడు. మా ఆయన రేడియో గొంతు పెంచేవాడు. కొన్నాళ్ళకి ఆ చప్పుడు లేకపోతే మాకే ఏదో వెలితిగా ఉండేది.

ఒక్కో పనీ వదిలేస్తూ వచ్చాడు. దేనికీ కారణం లేకపోలేదు, అన్నిటికీ మంచి కారణాలే. సినిమా హాల్లో గోల ఎక్కువ. సాయంత్రం సంతకి వెళితే పొద్దు దండగ. పెళ్ళిళ్ళలో అందరూ అడిగిందే అడుగుతారు. ఎంత స్థిరబుద్ధి ఈయనకి అనుకున్నాను. మా అబ్బాయికి ఉదాహరణగా కూడా చెప్పాను.

ఈలోగా వీధిలో ఇంకో మాట పుట్టింది. అద్దాలాయనకి పొగరెక్కిందట. పక్కన నిలబడి నమస్కారం పెడితే ముఖం తిప్పుకుని పోతున్నాడట. మందుల షాపాయన వచ్చి నాతో మొత్తుకున్నాడు. "గాజు చేసుకుంటూ చేసుకుంటూ మనం గాజుపెంకుల్లా కనబడుతున్నామేమో ఆయనకి" అన్నాడు. నేనూ ఒకరోజు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని ఆయన కుడిపక్కన నిలబడ్డాను. చెయ్యి లాగేదాకా నిలబడ్డాను. ఆయన "పిన్నిగారు నీళ్ళు తెస్తానని ఎటు పోయారబ్బా" అని తనలో తను అనుకుంటున్నాడు. అయినా పనిలో మునిగి ఉన్నాడులే అనుకుని గ్లాసు ముందుకు పెట్టాను.

ఆ తర్వాత స్కూటర్ సంగతి జరిగింది.

పిచ్చుకని ట్యూషన్ నుంచి ఎక్కించుకుని వస్తున్నాడు. దీపాలు పెట్టే వేళ. పక్క సందులోంచి పళ్ళబండి వస్తుంటే నేరుగా దాన్ని గుద్దేశాడు. పిల్ల ఎగిరి నారింజల మీద పడింది కాబట్టి మోచెయ్యి చీరుకోవడంతో సరిపోయింది. రోడ్డంతా నారింజలు. జనం పోగయ్యారు.

పళ్ళబండివాడు చేతులు తిప్పుకుంటూ నిలబడ్డాడు. "ఇంత బండి సార్. ఎర్రగొడుగు సార్. లోపల దీపం కూడా వెలుగుతోంది. అరిచాను కూడా. ఊరందరికీ కళ్ళజోళ్ళు ఇస్తావు, నీకొకటి పెట్టుకోకపోయావా?"

"ఎక్కడినుంచి ఊడిపడ్డావయ్యా నువ్వు?" అన్నాడు అద్దాలాయన. ఆ అడగడంలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగినట్టుంది.

పిల్లని నా చేతికిచ్చి తిన్నగా షాపులోకి వెళ్ళాడు. దీపం వేసుకుని అట్ట ముందు కూర్చున్నాడు. ఒక కన్ను మూసి కింది వరుస చదివాడు. రెండో కన్ను మూసి చదివాడు. కింది నుంచి పైకి కూడా చదివాడు. ఒక్క అక్షరం తప్పలేదు. "చూశారా. నా కళ్ళకి ఏమీ లేదు. వాడే అడ్డంగా వచ్చాడు" అన్నాడు.

వృత్తి తెలిసినవాడు చేసే పొరపాటు అది. మనలాంటి వాళ్ళమైతే ఏమో, కనబడలేదేమో, డాక్టరుకి చూపించుకుందాం అనుకుంటాం. ఆయన దగ్గర అట్ట ఉంది. అట్ట ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. ఎదురుగా ఉన్నదేదో ఆయనకి మనకన్నా బాగా కనబడుతుంది.

నాకు మాత్రం ఆ రోజు నుంచి మనసు మనసులో లేదు. ఏదైనా తెలియకపోతే తిన్నది అరగదు నాకు. ఇంట్లో మా ఆయన పేపరు చదువుతుంటే వెనక నుంచి గరిటె పట్టుకుని, చెవి పక్కగా మెల్లిగా ముందుకు తెచ్చాను. గరిటె చెవి దాటిందో లేదో, "ఏంటే నీ వేషాలు, కొడతావా ఏంటి?" అన్నాడు, పేపరులోంచి తల తిప్పకుండానే.

అదే గరిటె కొంగులో దాచుకుని షాపుకి వెళ్ళాను. ఆయన ఒక ఫ్రేముకి చిన్న మర ఎక్కిస్తున్నాడు. కబుర్లు చెబుతూ చెవి పక్క నుంచి గరిటె తెచ్చాను. చెవి దాటింది. కణత దాటింది. కంటి కొస దాటింది. ఆయన మర తిప్పుతూనే ఉన్నాడు. గరిటె దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాక ఉలిక్కిపడి, "ఇదెక్కడిది?" అన్నాడు. ఎడమ పక్కనా అంతే. "పప్పు కలుపుతూ వచ్చేశాను నాయనా" అని ఏదో చెప్పి బయటపడ్డాను.

మైకమ్మ డ్యూటీ దిగేదాకా బస్టాండు బెంచీ మీదే కూర్చున్నాను. చెబితే ఆవిడ ఏడవలేదు. మైకు స్విచ్చి కట్టేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకుంది. "పక్కన పడుకుని ఉంటాను పిన్నిగారూ. పక్కనే. నన్ను వెతుక్కుంటాడు ఒక్కోసారి చేత్తో. ప్రేమనుకున్నాను" అంది.

పెద్ద ఊళ్ళో కంటి ఆసుపత్రిలో చెప్పేశారు. చూపు అంచుల నుంచి ఎండిపోతూ వస్తోందట. ఏళ్ళ తరబడి. చీకట్లో ముందుగా పోతుంది, తర్వాత పక్కలు పోతాయి, నడిమిది చాలాకాలం నిలవచ్చు, నిలవకపోవచ్చు. పోయింది తిరిగి రాదు. వంశంలో వస్తుందట.

తిరిగొచ్చిన సాయంత్రం ముగ్గురం వెనకగదిలో కూర్చున్నాం. డ్రమ్ము మీద గాజు తడిగుడ్డ కప్పుకుని ఉంది. ఆయన దానివైపే చూస్తూ మాట్లాడాడు.

"మా నాన్న తాగి కాలవలో పడ్డాడని ఊరంతా అంది. మా అమ్మ కూడా అంది. ఆయన తాగగా నేనెప్పుడూ చూడలేదు పిన్నిగారూ. సాయంత్రం అయితే గుమ్మం దాటేవాడు కాదు. బయట ఏముందిరా అనేవాడు. అది ఆయన గుణం అనుకున్నాం."

తడిగుడ్డ అంచు సరిచేస్తూ మళ్ళీ అన్నాడు. "వాలీబాల్ నేను వద్దనుకోలేదు. బంతి ఎక్కడినుంచి వస్తుందో తెలియక వద్దనిపించింది. గంతులు అయిపోయాయని నాకు నేను చెప్పుకున్నాను. సినిమా, సంత, ఊళ్ళు, పెద్ద షాపు, అన్నీ అంతే. కన్ను ముందే వాటిని కొట్టేసింది. నేను వెనకాలే నడుస్తూ కారణాలు ఏరుకున్నాను. నేనే ఎంచుకున్నాననుకున్నాను. కుర్చీలో కూర్చుని మరీ."

"గాజు మంచిదే కదా నాయనా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అలిసిన కంటికి అవసరానికి మించిన పవరు పెడితే ఏమంటుందో తెలుసా పిన్నిగారూ? ఇదే బాగుంది అంటుంది. అక్షరం చిన్నదై, నల్లగా తేలుతుంది మరి. తలనొప్పి వారం తర్వాత వస్తుంది. తేటగా ఉందంటే సరైనదని కాదు. ఇది రోజూ నేను జనానికి చెప్పే మాటే."

మైకమ్మ మధ్యలోకి వచ్చింది. "పిల్ల కళ్ళు కూడా చూపించాలి" అంది. "డాక్టరు చెప్పాడు కదా. రేపే వెళదాం."

"వద్దు."

"వద్దంటే?"

"దానికి పదేళ్ళు. బస్సు తోలతానంటుంది, పర్వతం ఎక్కుతానంటుంది, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. కోరుకోనీ. ఒకసారి తెలిసిందా, ఇక ఏది కోరుకున్నా దాన్ని చూసుకునే కోరుకుంటుంది. భయమే దాని బదులు కోరుకుంటుంది."

"తెలియకపోతే జబ్బే దాని బదులు కోరుకుంటుంది. మీ బదులు కోరుకున్నట్టు. మీ నాన్న బదులు కోరుకున్నట్టు."

"అయితే జబ్బు కోరుకోవడం మేలా, భయం కోరుకోవడం మేలా?"

"ఆ కుర్చీ మాటలు నా దగ్గర వద్దు" అందావిడ. గొంతు పెంచలేదు. "అది రోడ్డు దాటుతోంది రోజూ. ఏం కోరుకుంటుందో తర్వాత చూద్దాం, ముందు ఏ పక్క నుంచి లారీ వస్తోందో దానికి తెలుస్తోందా లేదా చెప్పండి."

నా వైపు చూశారిద్దరూ. ఊళ్ళో అందరి సంగతుల్లో తలదూర్చేదాన్ని, ఆ పూట కొంగు ముడి విప్పి మళ్ళీ వేసుకున్నాను. ఇద్దరు చెప్పిందీ నిజమే అనిపించింది. రెండు నిజాల మధ్య పదేళ్ళ పిల్ల ఉంది.

చాలా రోజులు తెగలేదు. గరగర ఆగిపోయింది. పై వాటాలో మాటలు కూడా తగ్గిపోయాయి. బస్టాండులో ఒకరోజు ఆవిడ ఒకే బస్సు పేరు రెండుసార్లు తప్పు చెప్పిందట. అలాంటిది ఎప్పుడూ జరగలేదని కండక్టర్లు వచ్చి అడిగి వెళ్ళారు.

చివరికి ఆయనే దిగివచ్చాడు, సగం. ఆసుపత్రి వద్దు, ఇంట్లో నేనే చూస్తాను, ఏమీ లేదని తేలితే ఇక ఆ మాట ఎత్తకూడదు అన్నాడు. మైకమ్మ ఒప్పుకుంది. నన్ను రమ్మంది. ఎందుకని అడగలేదు, వెళ్ళాను.

ఒక సెలవురోజు సాయంత్రం వెనకగది కిటికీలు మూశారు. పిచ్చుకని డ్రమ్ము ముందు ముక్కాలి మీద కూర్చోబెట్టారు. ఎదురుగా నేను. "మామ్మ ముక్కు వంకే చూడు. తల తిప్పకూడదు. వెలుగు కనబడగానే కనబడింది అను" అన్నాడు. చిన్న టార్చిలైటుకి కాగితం చుట్టి, పిల్ల వెనక నిలబడ్డాడు.

"మామ్మ ముక్కు ఎందుకు, ఇంకేం దొరకలేదా చూడ్డానికి?" అంది పిచ్చుక. దానికి ఇది ఆట.

దీపం ఆర్పారు. టార్చిలైటు దాని తల వెనక వెలిగింది. నాకు కనబడుతోంది. దాని చెవి వెనకే ఉంది ఇంకా, కళ్ళున్న ఏ మనిషికీ కనబడే చోటు కాదు.

"కనబడింది" అంది పిచ్చుక.

ఆయన చెయ్యి ఆగిపోయింది. రెండో పక్క మొదలుపెట్టాడు. అడుగు పడిన చప్పుడు వినబడిందో లేదో, "కనబడింది" అంది మళ్ళీ.

మూడోసారి ఆయన కదలకుండా టార్చిలైటు ఆర్పేసి నిలబడ్డాడు.

"కనబడింది నాన్నా" అంది.

మైకమ్మ దీపం వేసింది. పిల్ల మా ముగ్గురి ముఖాలూ చూసింది, ఒక్కొక్కరి వైపూ తల పూర్తిగా తిప్పి.

"తప్పు చెప్పానా? అమ్మ మొన్నటి నుంచి ఏడుస్తోంది కదా, అందుకని కనబడింది అన్నాను. చీకట్లో నాకేం కనబడదు. అయినా చీకట్లో ఎవరికీ కనబడదుగా."

ముక్కాలి నా వైపు జరుపుకుంది.

"మామ్మా, నీకు కనబడుతుందా ఏంటి?" అంది.

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నన్ను చూసి అడ్డంగా తల ఊపాడు.

"కనబడుతుందమ్మా" అన్నాను. "నువ్వు కూర్చున్న ముక్కాలి, నీ రెండు జడలు, వెనక మీ నాన్న. కొంచెం మసగ్గా. కానీ కనబడతాయి."

పిచ్చుక నవ్వబోయి ఆపేసింది. "అందరికీనా?" అంది.

ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్ళాడు. ముగ్గురూ బస్సెక్కారు. అక్కడ మెషీను ముందు గడ్డం ఆనించి, చుక్క కనబడినప్పుడల్లా బటను నొక్కమన్నారట. ఈసారి కనబడకపోతే నొక్కలేదట. చాలాసేపు నొక్కకుండానే కూర్చుందట. ఆ నొక్కకుండా కూర్చున్న వేలునే చూస్తూ ఉండిపోయానని మైకమ్మ చెప్పింది. మొదలైంది అన్నారట డాక్టరు. తండ్రికి మొదలై ఉంటుందనుకున్న వయసుకన్నా ముందే.

తిరుగు బస్సులో పిల్ల అడిగిందట. "పాసయ్యానా?"

తెలియనివ్వకూడదని అంతగా పట్టుబట్టినవాడే చెప్పాడు. "లేదమ్మా." ఏం జరుగుతోందో, ఏం జరగబోతుందో, తనకి తెలిసినంతా దాచకుండా చెప్పాడు. కిటికీ పక్కన కూర్చుని విందట. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదట. అంతసేపు పిచ్చుక మాట్లాడకుండా ఉండటం అదే మొదలు.

స్కూటర్ అమ్మేశారు. గాజు సగం నునుపు తేలి ఆగిపోయింది. ఎప్పుడైనా పూర్తి చేస్తావా అంటే, "చేయాలని ఉంది పిన్నిగారూ. ఆ ఉండటం నాదో కంటిదో తేలడం లేదు" అంటాడు. షాపు నడుస్తూనే ఉంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళని ఇప్పుడు పక్కల నుంచి కూడా పరీక్షిస్తున్నాడు, పుల్లకి తెల్లగుడ్డ కట్టి. జనం నవ్వుతారు. ఆయన నవ్వడు.

పిచ్చుక మారిపోయింది. బస్సు, పర్వతం మాటలు ఎత్తడం లేదు. బడి నుంచి రాగానే కళ్ళు గట్టిగా మూసుకుని ఇంట్లో తిరగడం మొదలుపెట్టింది. మొదట వెనకగదిలో డ్రమ్ము చుట్టూ. తర్వాత వంటింటి దాకా. తర్వాత మెట్లు. మోకాళ్ళ నిండా దెబ్బలు. తలుపులకీ, మంచం కోళ్ళకీ తగిలి పడిన చప్పుడు మా ఇంట్లోకి వినబడుతుంది. గరగర పోయి ఈ దబ్బుమనే చప్పుడు వచ్చింది వీధికి.

"ఆపవే తల్లీ, ఇంకా ఏళ్ళున్నాయి, ఆడుకో" అని మైకమ్మ బతిమాలింది.

"నాకు ఇదే ఇష్టం" అందట.

ఆ మాట ఆవిడ నా చేతులు పట్టుకుని చెప్పింది. "పంతులమ్మ గారు కూడా మెచ్చుకున్నారు పిన్నిగారూ, ఎంత పట్టుదలో ఈ వయసులో అని. పట్టుదలేనంటారా? అది అనుకుని చేస్తోందా, లేక..." అని ఆగిపోయింది. ఆ మిగతా మాట, దాని బదులు భయమే చేస్తోందా అన్నది, ఇద్దరికీ తెలుసు. ఏది అయినా పిల్ల రోజంతా అదే చేస్తోంది. స్నేహితురాళ్ళు పిలిచినా పోవడం లేదు. పగటి వెలుగులో, చూపున్నంత సేపూ, కళ్ళు మూసుకునే ఉంటోంది.

నిన్న వీధి దాటి మా ఇంటికి వచ్చింది. చేతులు ముందుకు చాపుకుని, రెప్పలు నలిగేలా మూసుకుని. దాటుతున్నంతసేపూ నేను గుమ్మంలో నిలబడి వీధి రెండు కొసలూ చూస్తూ ఉన్నాను. పిలిస్తే బెదురుతుందేమోనని పిలవలేదు. గడప తడుముకుని లోపలికి అడుగుపెట్టింది. దారిలో కూరలు తరిగే పీట ఉంది. తీసేద్దామని వంగాను. నా గాజుల చప్పుడు విని అక్కడే నిలబడిపోయింది.

"తీయకు మామ్మా" అంది. "నేను పడాలి. పడితేనే గుర్తుంటుంది."

పీట మీద నుంచి చెయ్యి తీశాను. పిల్ల కాలు ముందుకు వేసింది.